పడుకుంటే పెరిగే నొప్పి

నవంబరు తొమ్మిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది ఉడకబెట్టిన గుడ్లు, మిరియాల పొడి చల్లిన బంగాళాదుంపలు, ముందురోజు మిగిలిన బ్రెడ్డు. బ్రెడ్డు బాగా గట్టిపడిపోయింది. గెడ చెయ్యి చాపి తుంచుకోవడానికి కష్టపడతాడని మా పెద్దమ్మాయి దాన్ని చిన్న ముక్కలు చేసి వాడి కంచం అంచున పెట్టింది. పెడుతున్నంతసేపూ వాడి మొహం వంక చూడలేదు. ఇంకో అరగంటకి వాణ్ణి నిలబెట్టి కడిగేసిందీ ఆవిడే.

ఇప్పటిదాకా జరిగింది రెండు మాటల్లో చెబుతాను. మాది అద్దాల పని. ముందు భాగం కార్ఖానా, వెనక మూడు గదులు ఇల్లు. అన్నయ్య పోయాక దాన్ని నడుపుతున్నది ఆయన పెద్దకూతురూ, ఆమె భర్తా. గెడ ఆమెకి ఒక్కగానొక్క తమ్ముడు. పొడుగు మనిషి కాబట్టి ఆ పేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే వాడే పలకడు. నేను వాళ్ళ బాబాయిని. భార్య పోయాక వచ్చి వీళ్ళ దగ్గరే ఉంటూ, అద్దాల మీద చెక్కే లతలకీ అక్షరాలకీ నమూనాలు గీసి ఇస్తుంటాను.

గెడకి ఎండాకాలం నుంచి నడుం నొప్పి. ఒకరోజు పొద్దున్నే బావతో కలిసి గాజు పలక ఎత్తబోయి వదిలేశాడు. బావ చెప్పు తెగింది గాని కాలు తెగలేదు. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనబడలేదు. రక్తపరీక్షలోనూ ఏదీ తేలలేదు. కీళ్ళ డాక్టరు చూస్తేనే సంగతి తెలుస్తుందన్నారు. ఆయన దగ్గర వంతు దొరకడానికి నెలలు పట్టింది. ఆ వంతు వచ్చే సోమవారం. వాడి ప్రాణాలన్నీ ఆ సోమవారం మీదే ఉన్నాయి. తనకి ఏం జబ్బో ఎవరైనా పేరు పెట్టి చెబితే చాలు, అది ఎంత చెడ్డ పేరైనా సరే అంటాడు.

ఈలోగా అక్క వాణ్ణి చెక్క బల్ల మీద పడుకోబెట్టి, సోమవారం దాకా తిండికి తప్ప కదలడానికి వీల్లేదంది. చాటుగా కదులుతున్నాడని ఆవిడకి అనుమానం వచ్చింది. మా కార్ఖానా మలుపులో పైన ఒక ఉబ్బెత్తు అద్దం ఉంటుంది. పలక మోసుకొచ్చేవాళ్ళు ఎదుటివాళ్ళని గుద్దుకోకుండా పెట్టిన అద్దం అది. కిందటి సాయంత్రం ఆవిడ స్టూలెక్కి దాన్ని వెనక గదుల వైపు తిప్పింది. గాజు కోసే బల్ల దగ్గర నిలబడితే ఇప్పుడు గెడ పడుకునే బల్ల మొత్తం అందులో కనబడుతుంది. పోయిన వారం కథలో మనం అక్కడే ఆగాం.

భోజనాలయ్యాయి. పెద్దమ్మాయి చేతులు తుడుచుకుంది.

"ఒరేయ్, లే."

"ఎందుకక్కా?"

"లేవమన్నాను. ఎవరూ చూడనప్పుడు నీ అంతట నువ్వే లేస్తావుగా!"

గెడ రెండు చేతులూ మేజా మీద ఆనించాడు. అరగంట కూర్చున్న తర్వాత లేవడం వాడికి పెద్ద పని. ముందు ముంజేతుల మీద బరువు వేస్తాడు. తర్వాత పిరుదులు లేస్తాయి, ఆ తర్వాత నడుం. తల అన్నిటికన్నా చివర లేస్తుంది. ఆ లేవడాన్ని మా అల్లుడు పళ్ళు కుట్టుకుంటూ చూశాడు.

"బామ్మర్దీ, నీ యాక్షన్ రోజురోజుకీ బాగుపడుతోందిరా. పొద్దున్నేమో మంచం మీద శవం, సాయంత్రానికి పెళ్ళి గుర్రం."

"నువ్వాగు," అంది పెద్దమ్మాయి. "పొద్దున టిఫిను తిన్నాక ఏం చేశావురా?"

"పడుకున్నాను."

"పడుకున్నావా? కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగావు. గోడకి చేతులానించి ఒళ్ళు విరుచుకున్నావు. వంగి కాళ్ళ వేళ్ళు పట్టుకోబోయావు. నవ్వావు కూడా."

"నవ్వలేదక్కా."

"నవ్వావు. చూశాను."

గెడ మలుపు వైపు తల తిప్పాడు. మెడ కూడా ఈ మధ్య సరిగా తిరగడం లేదు, భుజాలతో సహా తిరిగాడు. పైనున్న అద్దం ఎటు చూస్తోందో వాడికి అర్థమైంది.

"అది మనుషులు గుద్దుకోకుండా పెట్టింది కదక్కా," అన్నాడు.

"మాట మార్చకు. ఎందుకు తిరిగావు?"

"పడుకుంటేనే నొప్పి కాబట్టి. నీకు ఎన్నోసార్లు చెప్పాను. తెల్లారుజామున మెలకువ వచ్చేసరికి నడుం మీద ఎవరో సిమెంటు పోసి వెళ్ళినట్టుంటుంది. పక్కకి తిరగలేను. అలాగే కిందకి జారి, గోడ పట్టుకుని నిలబడి, ఒక అడుగు, ఇంకో అడుగు వేస్తే అప్పుడు మెల్లగా కరుగుతుంది. కరిగినప్పుడు హాయిగా ఉంటుంది. అందుకే నవ్వానేమో."

అల్లుడు మోకాలి మీద చరుచుకున్నాడు. "విన్నారా మావయ్యా! పడుకుంటే పెరుగుతుందట, పని చేస్తే తగ్గుతుందట! ప్రపంచంలో ఎక్కడైనా ఉందా ఇలాంటి నొప్పి? ఒరేయ్, ఉంటే నాకూ కొంచెం అంటించరా, మీ అక్క సంతోషిస్తుంది."

"పని చేస్తాననే కదా బావా నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది? పొద్దున పూట వద్దు, మధ్యాహ్నాలు మోస్తానన్నాను. వినలేదు మీరు."

"వీలు చూసుకుని వచ్చే నొప్పి!" అంది పెద్దమ్మాయి. ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది. "పొద్దున లారీలోంచి సరుకు దించాలి. అప్పుడొస్తుంది. మధ్యాహ్నం అంతా తీరికే. అప్పుడు పోతుంది. నాకు లేదురా నడుం? కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలదాకా ఆ బల్ల దగ్గరే నిలబడి కోశాను. నాకెవరన్నా పక్క పరిచారా? నీ పక్క నేనే పరిచాను. నీకు అన్నం నేనే తెచ్చిపెట్టాను. నీ బట్టలు నేనే ఉతికాను. నువ్వేమో లోపల ఒళ్ళు విరుచుకుంటున్నావు."

ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు. నిజంగానే అవన్నీ చేసింది. రాత్రిళ్ళు ఆవిడ మడమల కింద దిండు పెట్టుకుని పడుకోవడం నేను చూశాను. ఎవరితోనూ అనదు. తన నొప్పిని మింగినవాళ్ళకి ఎదుటివాడి మూలుగు చెవిలో ఈగలా ఉంటుంది కాబోలు.

గెడ మేజా వదిలి నిటారుగా నిలబడ్డాడు. "అక్కా, మనం అద్దాల వాళ్ళం. పలకని ఎప్పుడైనా పడుకోబెట్టామా? స్టాండులో నిలబెడతాం. పడుకోబెడితే దాని బరువుకి అదే పగులుతుందని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు? నన్నెందుకు పడుకోబెట్టావు మరి?"

అల్లుడు కూడా నవ్వు ఆపాడు. ఒక్క క్షణం పెద్దమ్మాయి మొహంలో మా అన్నయ్య కనబడ్డాడు. ఆవిడకి ఆ మాట తగిలిందనే అనుకున్నాను.

"పలక అబద్ధాలు చెప్పదు," అంది.

తర్వాత వంటింటి గోడకున్న గడియారం చూసింది. "సెలూన్ వాళ్ళ నిలువుటద్దం ఇవాళే అందాలి. వీధి చివరిదాకా చేత్తో మోసుకెళ్ళాలి. ఒక చివర మీ బావ. రెండో చివర నువ్వు పట్టు."

"మోయగలిగితే?"

"మోయగలిగితే నీకేమీ లేనట్టు."

"మోయలేకపోతే?"

"ఇక ఈ పనికి పనికిరానట్టు. ఇంకేదైనా చూసుకో."

నేను ఊరుకోలేకపోయాను. "ఏమ్మా, మోసినా తప్పే, మోయకపోయినా తప్పేనా? ఇంకెంత, సోమవారం దాకా ఓపిక పట్టండి. ఆ డాక్టరే చెబుతాడుగా."

"బాబాయ్," అందావిడ, ఎంతో మర్యాదగా. "నువ్వు వెళ్ళి నీ పువ్వులు గీసుకో."

గెడ కాస్త వ్యవధి అడిగాడు. పెరట్లోకి వెళ్ళి గోడ వెంబడి తిరగడం మొదలుపెట్టాడు. నేను తువ్వాలు వేడినీళ్ళలో ముంచి పిండి తీసుకెళ్ళి నడుం మీద వేశాను. ఇస్త్రీపెట్టెతో తువ్వాలు వేడి చేసి నా భుజం మీద వేసేది మా ఆవిడ. ఆ వేడి తగలగానే గెడ కూడా నాలాగే కళ్ళు మూసుకున్నాడు.

"బాబాయ్, ఒక మాట అడగనా? దారి మధ్యలో వదిలేశాననుకో. నమ్ముతారుగా?"

"నమ్ముతారు."

"చేతులు విప్పితే చాలు. అంత తేలిక."

"విప్పుతావా?"

వాడు ఇంకో రెండు చుట్లు తిరిగాడు. "అవతలి చివర బావ ఉంటాడుగా," అన్నాడు. "ఈసారి చెప్పుతో పోకపోవచ్చు."

తోలు చేతొడుగులు వేసుకుని ఇద్దరూ అద్దాన్ని ఎత్తారు. నేను ముందు నడిచాను, దారిలో ఎవరూ అడ్డం రాకుండా. మనిషి కన్నా ఎత్తైన అద్దం అది. వీధంతా దాంట్లో పడి కదిలిపోతోంది. గోడలు, కిటికీలు, ఆరేసిన దుప్పట్లు, సైకిలు ఆపి తన జుట్టు చూసుకుంటున్న ఒకతను. గెడ ముందు పట్టాడు. "గుంట" అన్నాడు ఒకచోట. "ఎడం" అన్నాడు ఇంకోచోట. అడుగు తప్పలేదు, చెయ్యి వణకలేదు. ఒళ్ళు వేడెక్కిన కొద్దీ వాడి నడక విచ్చుకుంది. వాడి మొహంలో నెలల తరబడి చూడని ఒక తేట వచ్చింది. తనకి తెలిసిన పని తన ఒంటితో తాను చేస్తున్న మనిషి మొహం అది. వాణ్ణి అలా చూసి సంతోషపడాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఎంత బాగా మోస్తే అంత పెద్ద అబద్ధాలకోరు అవుతున్నాడు, ఆ సంగతి వాడికీ తెలుసు. అయినా చక్కగా మోశాడు.

సెలూన్ ముందు మెట్లున్నాయి. అక్కడ కింద చివర పట్టినవాడి మీద బరువు పడుతుంది. మా అల్లుడు ఏమీ అనకుండా తనే కిందివైపు ఉండి భుజం ఆనించాడు. నోటికి ఎంత దురదున్నా, ఆ భుజం మంచిది.

సెలూన్ యజమాని తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మీవాడికి ఒంట్లో బాగోలేదన్నారు? ఎద్దులా ఉన్నాడే!"

అల్లుడికి అంతకన్నా ఏం కావాలి? అద్దం బిగించినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు, తిరిగొచ్చేటప్పుడు ఆ మాట వీధిలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. గెడ మాత్రం నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. ఎండలోకి రాగానే ఎడం కన్ను మూసుకున్నాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు. చెంప మీద నీరు కారుతోంది.

"ఏమైందిరా?"

"వెలుతురు గుచ్చుకుంటోంది బాబాయ్. పొద్దుట్నించీ కొద్దిగా ఉంది. ఇప్పుడెక్కువైంది."

కార్ఖానాలోకి రాగానే పెద్దమ్మాయి వాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి వలయంలా ఉంది. మా ఇళ్ళలో కన్ను ఎర్రబడటానికి ఒక్కటే అర్థం, గాజు పొడి. దానికి ఒక్కటే వైద్యం. వెడల్పు గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి, మొహం ముంచి, లోపల కన్ను తెరవాలి. నలపకూడదు. పుట్టినప్పట్నించీ అందరం అదే చేశాం. మా అన్నయ్య నాకు చేశాడు, పెద్దమ్మాయికి చేశాడు. ఇప్పుడు ఆవిడ తమ్ముడికి చేసింది. ఒక చేత్తో వాడి నుదురు పట్టుకుని, రెండో చేత్తో జుట్టు తడవకుండా వెనక్కి దువ్వుతూ ఎంత ఓపిగ్గా చేసిందని! దూరం నుంచి చూసేవాళ్ళకి వాళ్ళిద్దరి మధ్యా మధ్యాహ్నం అంత మాట నడిచిందని తెలియదు.

"పొడి పడినట్టు లేదక్కా. గరగరలాడటం లేదు. లోపల్నించి పోటు."

ఆవిడ చెయ్యి ఆగింది.

"నడుం అయిపోయింది. ఇప్పుడు కన్నా?" అని వాడి జుట్టు వదిలేసింది. నీళ్ళు కారుతున్న మొహంతో వాడు కాసేపు గిన్నె ముందు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత తుడుచుకుని గదిలోకి వెళ్ళి, కిటికీ తలుపులు వేసుకుని, తనంతట తనే ఆ బల్ల మీద పడుకున్నాడు. ఇన్నాళ్ళలో వాడు చెప్పించుకోకుండా పడుకోవడం అదే మొదటిసారి.

చీకటి పడ్డాక పని ముగిసింది. అల్లుడూ నేనూ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాం. అతను మంచి హుషారుగా ఉన్నాడు.

"ఇంకా నయం మావయ్యా. సోమవారం అంతా ఆసుపత్రి వరండాలో పడి ఉండే బాధ తప్పింది."

"ఎవరికి తప్పింది?"

"మనకే. ఇందాక మనం తిరిగొచ్చాక మీ అమ్మాయి ఫోన్ చేసేసింది. మావాడికి తగ్గిపోయింది, నిలువుటద్దం మోసి వచ్చాడు, వాడి వంతు ఇంకెవరికన్నా ఇచ్చుకోండి అంది. పాపం, రోగాలున్నవాళ్ళు ఎంతమంది కాచుకుని ఉంటారో కదా అని కూడా అంది. జాలిగుండె."

సబ్బు నా చేతిలోంచి జారి కాలవలో పడింది.

"వాళ్ళు ఒప్పుకున్నారా?"

"ఆ నర్సు ఓ పట్టాన వదల్లేదు. నిజంగా తగ్గిందా, మళ్ళీ రావాలంటే వరసలో చివరికి పోతారు అని ఒకటే నస. ఆఖర్న ఇంకో ప్రశ్న వేసింది చూడండి, పడి పడి నవ్వాం! మధ్యలో ఎప్పుడన్నా కన్ను ఎర్రబడిందా, వెలుతురు చూడలేకపోయాడా అని! నడుం నొప్పికి పోతే కళ్ళ సంగతి అడుగుతోంది. ఇంకాసేపుంటే పళ్ళు లెక్కపెట్టమనేది."

"అమ్మాయి ఏం చెప్పింది?"

"ఏం చెబుతుంది? మాది గాజు పనమ్మా, మా అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి అంది. ఏం, తప్పా?"

నేను తడి చేతులతోనే కార్ఖానాలోకి వెళ్ళి ఫోన్ తీశాను. ఆసుపత్రివాళ్ళు ఒకరి నుంచి ఒకరికి కలిపి, చివరికి ఒక అమ్మాయిని ఇచ్చారు. గొంతుని బట్టి చిన్నపిల్లే. సాయంత్రం మాట్లాడింది తనేనంది. నేను గెడ సంగతి చెప్పాను. ఎడం కన్ను, ఎర్రటి వలయం, వెలుతురు, లోపలి పోటు.

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఇప్పుడే బయల్దేరండి. పొద్దున దాకా ఆగొద్దు. చూపు దెబ్బతినొచ్చు."

"వాడి వంతు వదిలేసుకున్నాం కదమ్మా!"

"దీనికి వంతు అక్కర్లేదు తాతగారూ. కంటి డాక్టరు రాత్రంతా ఉంటారు, నేను చెప్పి ఉంచుతాను. ఆగండి, ఒక్క మాట. ఆయన నొప్పి, పడుకుంటే ఎక్కువవుతుందా? తిరిగితే తగ్గుతుందా?"

"అవునమ్మా. అలాంటి నొప్పి ఉంటుందా?"

"ఉంటుందండీ. ఆ జబ్బే ఒక్కోసారి కంటికీ వస్తుంది. మా డాక్టరుగారు వెతికేది అలాంటివాళ్ళ కోసమే. పడుకోబెట్టలేదు కదా ఎక్కువ రోజులు?"

నేను ఫోన్ పెట్టేసి లోపలికి నడిచాను.

వెనక గదుల నడవలో దీపం తీసేసి ఉంది. గెడ గది ముందు పెద్దమ్మాయి నిలబడి ఉంది. వంటింట్లోంచి పడుతున్న వెలుతురులో ఆవిడ చేతిలో తాళంచెవి చూశాను.

"పడుకున్నాడు బాబాయ్. కంటికి తడిగుడ్డ కట్టాను," అంది మెల్లగా.

"పక్కకి తప్పుకోమ్మా. వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే. ఫోన్‌లో చెప్పారు, కన్ను పోతుందట. నొప్పి కూడా వాడు చెప్పినట్టే ఉంటుందట. వాడు అబద్ధం ఆడలేదు."

ఆవిడ నా వంక చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. బాగా అలసిపోయినవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కమంటే చూసే చూపు.

"నిన్నూ పట్టేశాడన్నమాట. ఫోన్‌లో కన్ను చూసేశారా వాళ్ళు? ఎర్రబడింది, నొప్పి అని నువ్వు చెప్పావు, రమ్మన్నారు. రమ్మనక ఏమంటారు? రేపు పొద్దున చూద్దాం."

"పొద్దున దాకా ఆగొద్దన్నారు."

"వాడు ఈ ఒక్క రాత్రి కదలకుండా పడుకుంటే అన్నీ అవే సర్దుకుంటాయి. నేను పెంచినవాణ్ణి నాకు తెలియదా?"

లోపల బల్ల కిర్రుమంది. తర్వాత నేల మీద ఒక పాదం ఆనిన చప్పుడు. కాసేపటికి రెండోది. ఒక అడుగు. గోడకి చెయ్యి రాసుకున్న చప్పుడు. ఇంకో అడుగు.

"అక్కా," అన్నాడు గెడ లోపల్నించి. "అక్కా, అక్కడున్నావా?"

పెద్దమ్మాయి ఓరగా ఉన్న తలుపుని గడియ పట్టుకుని తన వైపుకి లాక్కుంది. మూల కొద్దిగా రాసుకుంటుందని తెలుసు కాబట్టి అక్కడ అరచెయ్యి ఆనించి పైకెత్తి, నిద్రపోయే పసిబిడ్డ గది తలుపు వేసినంత జాగ్రత్తగా, చప్పుడు కాకుండా మూసి తాళం తిప్పింది.